ఆపితే కదలని కారు

“ఆ బండి నరమానవుడు లేని చోట ఆగిపోతే పిల్లల గతేంటి?” అన్నాను. కారు ఇంకా మా వాకిట్లోనే ఉంది.

మా ఆయన క్లెమ్ కుక్క కాల్లో ముళ్ళు తీస్తున్నాడు. “ముందు బయల్దేరనీ, మావిస్. తర్వాత కదా ఆగేది.”

అమ్మాయి రోస్లిన్‌కి పదిహేడు, అబ్బాయి డెనిస్‌కి పదహారు. రెండేళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో పనిచేసి, మాకు చెప్పకుండా ఇద్దరూ కలిసి కొన్న కారు అది. ఒకసారి ఆపితే ఇద్దరు మగాళ్ళు నెట్టందే మళ్ళీ కదలదు. రోస్లిన్‌కి లైసెన్సు వచ్చి మూడు వారాలు. బర్రాలీలో ఆ రోజు వ్యవసాయ ప్రదర్శన. కేకుల పోటీకి రోస్లిన్ మొదటిసారి సొంతంగా చేసిన కేకు మధ్యాహ్నం పన్నెండులోగా అందాలి. అరవై మైళ్ళు.

“నాన్న లారీలో వెళ్ళవే తల్లీ.”

“నా కేకు నా కార్లోనే వెళ్తుందమ్మా.”

సరే, దారికి అడ్డంగా గొర్రెల గేట్లున్న మూడు ఇళ్ళ దగ్గరా ఆగి వైర్‌లెస్‌లో నాతో మాట్లాడాలని ఒట్టు వేయించుకున్నాను. క్లెమ్, డెనిస్ నెట్టారు. కారు దగ్గి, ఉలిక్కిపడి, కదిలింది. డెనిస్ వెంటపడి ఎక్కాడు.

నేను వైర్‌లెస్ ముందు కూర్చున్నాను. మా లైనులో ఒకరు మాట్లాడితే ఎనిమిది ఇళ్ళు వింటాయి. విన్నామని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

మొదటి ఇంటి బెరిల్ గొంతు వచ్చింది. “మీ పిల్లలు వెళ్ళిపోయారు మావిస్. ఆగలేదు.”

“అయ్యో! బ్రేకులు పోయాయా?”

“నీ మొహం! ఆపితే మళ్ళీ లేవదట. నీ కూతురు గేటు ముందు కారుని గిరగిరా తిప్పింది. నీ కొడుకు దూకి, గేటు తీసి, కారు దాటాక పరిగెత్తి కిటికీలోంచి దూరాడు. ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పటికి కాళ్ళు ఇంకా బయటే ఉన్నాయి.”

“మరి గేటు వేశాడా?” అని అడిగాను. కాళ్ళు విరిగితే అతుక్కుంటాయి. గొర్రెలు పోయేలా గేటు తెరిచి వదిలేసిన వాడికి మా వైపు పిల్లనివ్వరు.

“వేశాళ్ళే, బుద్ధిమంతుడు.”

అంతలో రెండో ఇంటి థెల్మా మాటల్లోకి దూరింది. “నేనేం వినడం లేదు గానీ, మా గేటు తీసి పట్టుకుని నిలబడతాను.” ముప్పావుగంటకి మళ్ళీ పలికింది. “దుమ్ము తప్ప ఏం కనపడలేదక్కా. ‘థ్యాంక్స్ ఆంటీ’ అని మాత్రం వినపడింది.”

ఇక మిగిలింది ముసలి పెర్స్ ఇల్లు. పదకొండింటికి ఆయన పిలిచాడు. “అమ్మాయ్, మా గేటు మడతబందులతో సహా ఊడదీసి పారేశాను. గొర్రెలకి కుక్కని కాపలా పెట్టాను. మీవాళ్ళు రాజుల్లా వెళ్ళారు.”

లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. పెర్స్ ఇల్లు దాటాక ఇరవై రెండు మైళ్ళు ఒక్క ఇల్లు లేదు. మధ్యలో ఎండిపోయిన వాగు, దాన్నిండా మెత్తటి ఇసుక.

పన్నెండయింది. ప్రదర్శన ఆఫీసులో వైర్‌లెస్ ఉంది. మీట నొక్కి, “రోస్లిన్... డెనిస్...” అన్నాను. గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. క్లెమ్ ఎప్పుడొచ్చాడో, టోపీ చేత్తో పట్టుకుని నా కుర్చీ వెనక నిలబడ్డాడు. “చేరుంటారుగా?” అన్నాను. గడియారం వైపు చూశాడు. బెరిల్, థెల్మా, పెర్స్, అందరూ వింటున్నారని తెలుసు. గడియారం పన్నెండూ పది చూపించింది. మూడోసారి మీట నొక్కి వదిలేశాను.

గరగర ఆగింది.

“అమ్మా!” రోస్లిన్ రొప్పుతోంది. “కేకు బల్ల మీదుంది, రెండు నిమిషాలు ముందే! గుర్రాల పందెం మైదానంలో మూడు చుట్లు తిప్పితే గానీ డెనిస్ కేకుతో దూకలేకపోయాడు. ఇప్పుడు కారు ఆపేశాను. లారీ, లాగడానికి తాడు తీసుకుని నాన్నని రమ్మను.”