వజీరా వంతు

జగ్గయ్యపేట ఆటోస్టాండులో వజీరా తన ఆటోలో కళ్ళు మూసుకుని కూర్చుంటే, దువా చేసుకుంటోందనుకునేవారు తోటి డ్రైవర్లు. గొంతులు తగ్గించేవారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ వంతు వచ్చినా పిలవకుండా వెనక ఆటోని పంపించేసేవారు. ఇంత మర్యాద ఎవరడిగారో!

అది దువా కాదు. గరికపాడు దగ్గర తన ఆటోని లారీ వెనకనుంచి గుద్దినప్పటినుంచి, హారన్ వింటే చాలు వజీరా చేతులు వణికేవి. మళ్ళీ హైవే ఎక్కలేదు. అప్పటి గాయానికి కట్టు విప్పిన నర్సు గ్రేసీ ఒక చిన్న సాధన నేర్పింది.

"కాసేపు ఊపిరి మీద మనసు పెట్టమ్మా. అదెటో పోద్ది. తిట్టకుండా వెనక్కి తెచ్చుకో. అంతే."

తిట్టకుండా ఉండటమే వజీరాకి కష్టమైంది. మనసు లారీ దగ్గరికి పరిగెత్తేది, తెచ్చుకునేది. మళ్ళీ పరిగెత్తేది. మొండి మనిషి, వదల్లేదు. నిద్ర పట్టసాగింది. హైవే సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ పొద్దున కళ్ళు మూసుకుని ఉండగా స్టాండు పెద్ద అబ్బాస్ మాట చెవినబడింది.

"నందిగామ బేరం. వంతు వజీరాదేగానీ, ఇంక హైవే ఆవిడ వల్లకాదు. సలీం, నువ్వెళ్ళు."

వజీరాకి ఒళ్ళు మండింది. కళ్ళు తెరిచింది.

"అబ్బాస్ భాయ్, నా బేరానికి నేనే వెళ్తా."

"దువాలో ఉన్నావని..."

"దువా కాదు. భయం పోగొట్టుకోడానికి ఊపిరి చూసుకుంటున్నా. ఈసారి నా వంతొస్తే పిలువు."

బేరం భారతీదేవిది, నందిగామలో చుట్టాలింటికి. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కారో లేదో, వెనక లారీ హారన్ కొట్టింది. ఇంత సాధన చేసినా భయం పోలేదని వజీరాకి ఏడుపొచ్చింది. కళ్ళు మూసుకునే వీలా, లేదు. మనసు గరికపాడు వెళ్ళిపోయింది. తిట్టలేదు. ఊపిరి దగ్గరికి, అద్దం దగ్గరికి, హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకుంది. ఎడమకి జరిగి దారిచ్చింది. లారీ వెళ్ళిపోయింది.

"చేతులు వణుకుతున్నాయేంటమ్మా?" అంది భారతీదేవి.

"వణుకుతాయండి. బండి తిన్నగానే పోతోందిగా."

నందిగామలో దింపి, హైవే మీదే వెనక్కి వచ్చింది. వరసలో చివర ఆటో ఆపి కళ్ళు మూసుకుంది.

ఆమె వంతు వచ్చేసరికి అబ్బాస్ దగ్గరికి వచ్చాడు. పిలవబోయి ఆగాడు. వెనక ఉన్న తన ఆటోలోకెక్కి, మిగతా డ్రైవర్లకి కొట్టినట్టే గట్టిగా హారన్ కొట్టాడు.

వజీరా కళ్ళు తెరిచి బండి స్టార్ట్ చేసింది.