మూడు వాటాల మందు

ఆ గదిలోకి ఏది వచ్చినా మూడు వాటాలు పడాల్సిందే. అరటిపండు వస్తే కత్తి తీసేవారు. సబ్బు వస్తే దారంతో కోసేవారు. సూపర్‌వైజరు ఒకసారి ఒక్క జత చేతితొడుగులు ఇస్తే వంతులేసుకుని తొడుక్కున్నారు. ఈ పద్ధతి ఎవరూ కూర్చుని పెట్టింది కాదు. ముగ్గురు ఆడవాళ్లు ఒకే కిటికీ ఉన్న గదిలో సర్దుకోవాల్సి వచ్చినప్పుడు దానంతటదే వచ్చింది.

వదిన వాళ్లలో పెద్దది. రేడియో ఆమె ఆడపడుచు. నోరు మూతపడదని ఆ పేరు. చిన్నది వాళ్లకు చుట్టం కాదు. పనిచేసే చోట పరిచయమై, పరుపు వేసుకునే జాగా ఉందంటే వచ్చి చేరింది. ముగ్గురిలో వదినకే కాగితాలున్నాయి. నెలల తరబడి రోడ్ల మీదే ఉండి లారీ నడిపే భర్తకు ఈ దేశంలో ఉండే అనుమతి ఉంది కనుక భార్యకూ ఇచ్చారు. చెల్లెలికి ఇవ్వలేదు. రేడియో చుట్టపుచూపుగా వచ్చి, గడువు దాటినా ఉండిపోయింది. చిన్నదాని పాస్‌పోర్టు ఆమెను తీసుకొచ్చిన ఏజెంటు దగ్గరే ఉంది.

"మా అన్నను కట్టుకున్నందుకు నీకు కాగితాలు. ఆయనతో కలిసి పుట్టినందుకు నాకు దుప్పట్లు," అనేది రేడియో. అని తనే నవ్వేది.

హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ముగ్గురికీ పని. వదిన ఆవిరి రోలర్లకు దుప్పటి అంచు అందిస్తే, అవతల మిగతా ఇద్దరూ అందుకుని మడతపెట్టేవారు. గాలిలో ఎప్పుడూ నూగు ఎగురుతుంటుంది. వదినకు దగ్గు పట్టుకున్నప్పుడు నూగు వల్లే అనుకున్నారు. కళ్లెలో రక్తం కనబడ్డాక ఆమె క్లినిక్‌కు వెళ్లింది. క్షయ అన్నారు. ఆరు నెలలు రోజూ పరగడుపున నాలుగు మాత్రలు మింగాలని చెప్పి, మందులు ఉచితంగా ఇచ్చారు. గదిలో ఇంకెవరైనా ఉంటున్నారా అని నర్సు అడిగితే, ఒక్కదాన్నే అని చెప్పింది.

తర్వాత రేడియో దగ్గడం మొదలుపెట్టింది. ఆ వెనకే చిన్నది. దగ్గేవాళ్లను సూపర్‌వైజరు మర్నాటి నుంచి రావద్దంటాడు. అందుకని ఉతికే డ్రమ్ములు జోరందుకునేదాకా బిగబట్టుకుని ఆ చప్పుడులో దగ్గేవారు. కాగితాల్లేనివాళ్లు క్లినిక్‌కు వెళితే పోలీసులు అటునుంచి అటే పట్టుకుపోతారని లాండ్రీలో చెప్పుకునేవారు. ఎవరిని పట్టుకుపోయారో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

వదిన మాత్రలు పంచింది. తనకు రెండు, వాళ్లకు చెరొకటి. ఎవరూ అడగలేదు, ఆమె ఆలోచించనూ లేదు. పొద్దున్నే ముగ్గురికీ టీ పోసినట్టే అదీ జరిగింది.

మొదటి రోజు చిన్నది బాత్రూంలోంచి బెదిరిపోయి బయటికొచ్చింది. మూత్రం ఎర్రగా వస్తోందని చెప్పడానికి సిగ్గుపడింది. అది మందు రంగు, కంగారు పడకని వదిన చెప్పింది.

"ఒక్క రక్తం కాకపోయినా ఒక్క రంగే పోస్తున్నాం," అంది రేడియో. చిన్నది దగ్గొచ్చేదాకా నవ్వింది.

రెండు నెలలు దాటాక చేసిన పరీక్షలోనూ వదిన కళ్లెలో క్రిములు కనిపించాయి. నర్సు రోజూ వేసుకుంటున్నారా అని అడిగింది. పరగడుపునేనా అని అడిగింది. రెండింటికీ వదిన అవునంది. మూత్రం ఎర్రగా వస్తోందా అని అడిగింది.

"మొదట్లో బాగా ఎర్రగా వచ్చేదండి. ఇప్పుడు మా ముగ్గురికీ లేత రంగే."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. నర్సు లేచి తలుపు మూసి వచ్చింది. కోప్పడలేదు. సగం మందుకు క్రిమి చావదని, మందుకే అలవాటు పడుతుందని, అప్పుడిక నాలుగు మాత్రలు మింగినా పనిచేయవని నిదానంగా చెప్పింది. వదిన విషయంలో ఇప్పటికే అలా జరిగిందేమో చూడటానికి ఇంకో పరీక్షకు పంపింది. ఆ ఫలితం రావడానికి టైం పడుతుందంది.

"వాళ్లకు మీరు మందివ్వట్లేదమ్మా. ముగ్గురూ కలిసి జబ్బును పెంచుతున్నారు. వాళ్లను తీసుకురండి. ఈ తలుపు లోపల మేం కాగితాలు అడగం. బయట ఎవరేం చేస్తారో నేను చెప్పలేను."

ఆ చివరి మాట వల్లే వదినకు ముందు మాట మీద నమ్మకం కుదిరింది.

మర్నాడు పొద్దున ఆమె నాలుగు మాత్రలూ అరచేతిలో పోసుకుని, వాళ్ల ఎదుటే ఒక్కొక్కటిగా మింగింది. చిన్నది చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మా వాటా?" అంది రేడియో.

"లేదు."

"అవున్లే. కాగితాలున్న ఊపిరితిత్తులు కదా, ముందు అవి బాగుపడాలి."

వదిన నర్సు చెప్పిందంతా చెప్పింది. ఒక్క మాత్ర ఇవ్వడమంటే చంపడమేనని, తన చేత్తో ఆ పని చెయ్యనని, వస్తే ఎవరి మందు వాళ్లకు ఇస్తారని చెప్పింది.

"పట్టుకుపోతే?" అంది చిన్నది.

పట్టుకుపోరని అనబోయి వదిన ఆగింది. "తెలీదు. లోపల అడగరంట. బయట సంగతి ఆ నర్సుకే తెలీదు."

"ఎంత ధైర్యం చెప్పావు తల్లీ," అంది రేడియో. "అన్నకు ఫోన్ చేసి చెప్తాను, నీ పెళ్లాం వాటా ఎగ్గొట్టిందని."

ఫోన్ చెయ్యలేదు. అసలు ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. దుప్పటి అవతలి అంచు పట్టుకుని వదిన వైపు చూడకుండా మడతపెట్టింది. పొద్దుపూట వదిన మందు తీయగానే గోడవైపు తిరిగి పడుకునేది. రోజూ ఆ నాలుగో మాత్రను వదిన అరచేతిలో ఒకసారి తిప్పి చూసేది. నీళ్లు తాగి మింగేది.

సెలవు రోజున చిన్నది బూట్లు వేసుకుని వచ్చి నిలబడింది.

"చెమటకి పక్కంతా తడిసిపోతోంది వదినా. పట్టుకుపోతే పోనీ, అక్కడైనా కాసేపు పడుకోనిస్తారేమో."

రేడియో గోడవైపు నుంచి తిరగలేదు. ఇద్దరూ వెళ్లారు. నర్సు చిన్నదాని బరువు చూసింది, ఎక్స్‌రేకు పంపింది, కళ్లె పట్టడానికి డబ్బా ఇచ్చి పెరట్లోకి వెళ్లి దగ్గమంది. వదిన పరీక్ష ఫలితం ఇంకా రాలేదని చెప్పింది.

బయటికొచ్చేసరికి ఎదుటి పేవ్‌మెంటు మీద, బస్‌స్టాపులో రేడియో నిలబడి ఉంది. వాళ్లు రోడ్డు దాటి దగ్గరికి వెళ్లేదాకా కదల్లేదు. వదినను వదిలేసి చిన్నదాన్ని అడిగింది.

"ఏం అడిగారు?"

"దగ్గు ఎప్పట్నుంచి అని."

"ఇంకా?"

"ఆకలేస్తోందా అని."

"కాగితాలు?"

"అడగలేదు."

"ఆ గుమ్మం దగ్గర యూనిఫాంలో ఉన్నాడే, వాడెవడు?"

"అద్దాలు తుడిచేవాడు."

రేడియో అద్దాలు తుడుస్తున్న మనిషిని చాలాసేపు చూసింది. ఫోను తీసి వదిన చేతిలో పెట్టింది.

"నేను రాకపోతే అన్నకు నువ్వే చెప్పాలి. ఏం చెప్పాలో ఇప్పుడే అనుకో."

"నేనూ వస్తాను పద."

"వద్దు. నువ్వూ లోపలుంటే చెప్పేదెవరు?"

ఒక్కతే రోడ్డు దాటింది. వదిన, చిన్నది స్టాపులో కూర్చున్నారు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తీసి వాళ్లవైపు చూశాడు. వదిన వెళ్లమని చెయ్యి ఊపింది.