రాయితో పాటు వచ్చినది

అయినా ఒంటినిండా ముళ్లు పెట్టుకుని పుట్టడం దాని తప్పా, ఎవరు మాత్రం అడిగి పుడతారు గనక, అనుకుంటూ ఆమె అత్తగారి భూతద్దాన్ని ఉప్పునీళ్ల చేపలతొట్టి గాజుకి ఆనించి రాతి సందులోకి చూసింది, లేత గులాబిరంగు గొంగళిపురుగులాంటిది సగం లోపల, సగం బయట, గుమ్మంలో ఆగి రమ్మంటారో పొమ్మంటారో అని చూసే చుట్టంలా ఉంది, డిగ్రీలో జంతుశాస్త్రం చదివినందుకు ఇన్నేళ్లలో ఒరిగిందల్లా బియ్యంలో పురుగు పేరు తెలియడమే, ఇవాళ కాస్త పెద్ద పురుగు దొరికింది, సంతోషం, కాళ్ల దగ్గర బకెట్ నిండా కుళాయి నీళ్లు, మనకి మంచినీళ్లు, దానికి విషం, రాయిని అందులో ముంచితే దాక్కున్నవన్నీ బయటికొస్తాయి, రానివి చస్తాయి, నేను పెట్రోలు కొట్టించుకొచ్చేలోగా ముంచెయ్, ఒక పనైపోతుంది అని చెప్పి వెళ్లాడు భర్త, రెండో పని పినత్తగారిని తీసుకెళ్లి బావగారింట్లో దింపి రావడం, రెండూ ఒకే గొంతుతో చెప్పాడు.

పినత్తగారు, అంటే అత్తగారి చెల్లెలు, అక్క మోకాలి ఆపరేషనుకి సాయమని ఒక్క సంచీతో వచ్చింది, తర్వాత అక్క పోయింది, సంచీ ఉండిపోయింది, పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు, రాయి అమ్మినతనూ అంతే, సముద్రంలోంచి తీసింది సార్, దీంతోపాటు ఏమేం దిగుతాయో మాకూ తెలీదు, దిగాక మీ అదృష్టం అన్నాడట, నిజంగానే దిగాయి, గొట్టంలోంచి విసనకర్రలా విచ్చుకునేదొకటి, దారాల్లాంటి చేతులూపే నక్షత్రం ఒకటి, వాటికి భర్త ఫోటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టి బారసాల చేసినంత పని చేశాడు, గొంగళికి మాత్రం ఫోటో లేదు, పైగా మొన్న చారల రొయ్యల్లో ఒకటి మాయమై డొల్ల మాత్రం మిగిలితే, ఆ డొల్ల మీద ఇది కనబడింది, దొరికింది దొంగ అని వేలు చూపించాడు, అదే వేలు, పింగాణీ కూజా పగిలిన రోజున, పిన్నీ, మళ్లీ నువ్వేనా అన్నప్పుడు లేచిందీ అదే, ఆవిడ చేటలోకి పెంకులెత్తుతూ, ఏమోరా అబ్బాయ్, కళ్లతోపాటు చేతులకీ చూపు తగ్గినట్టుంది అంది, ఔననలేదు, కాదనలేదు, అంతకుముందు గాజుగ్లాసు, అంతకుముందు టేబుల్ లైటు, ప్రతిసారీ వెళ్లి చూస్తే అక్కడే ఉంది, చీపురుతో సహా, వయసైపోయింది, రేపు గ్యాస్ కట్టడం మర్చిపోతే ఎవరిది పూచీ అన్నాడు భర్త, బావగారింట్లో ఆవిడకి హాల్లో సోఫా, అదీ అందరూ టీవీ కట్టేశాకే.

అమ్మాయ్, ముంచావా లేదా, వాడొచ్చి అరుస్తాడు, అంటూ పినత్తగారు సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది, లేదత్తయ్యా, దాని మొహం చూస్తున్నా, మొహమెక్కడ ఏడిసింది దానికి, అదే వెతుకుతున్నా, పోనీలే, దానికీ నాకూ ఒకేరోజు ప్రయాణం, సర్దుకోమను, అని నవ్వి చీర కుచ్చిళ్లు సవరించుకుంది, ఆ నవ్వు అవసరంకన్నా కాస్త ఎక్కువసేపు ఉంది, అప్పుడే మిగిలిన రెండో రొయ్య రాతి చాటునుంచి మీసాలాడిస్తూ బయటికొచ్చింది, పైన ఎర్ర చేప, భర్త ఏరికోరి కొన్నది, ఎప్పుడూ రాతి కొమ్మున ఆఫీసరులా కూర్చునేది, ఒక్క దూకు దూకి రొయ్యని నోట కరిచి, రాతికేసి ఇటు కొట్టి అటు కొట్టి, మెత్తటిదంతా మింగి, డొల్ల ఉమ్మేసి, మళ్లీ వెళ్లి కొమ్ము మీద కూర్చుంది, మొహంలో ఏ భావమూ లేదు, ఫైలు మీద సంతకం పెట్టినట్టు, ఆ తర్వాత, అంతా అయ్యాక, గొంగళి మెల్లగా సందులోంచి వచ్చి ముక్కలూ తుక్కూ ఏరుకోవడం మొదలుపెట్టింది, దాన్నే చూస్తూ భూతద్దం దించడం మర్చిపోయింది ఆమె.

తలుపు తెరుచుకుంది, భర్త ఫోనులో, కాదండీ, నేను చెప్పేది వినండి, అని కుడిచెయ్యి గాల్లో ఊపుతూ వచ్చాడు, ఫోనులో ఉంటే అతనికి ఇల్లు కూలినా వినబడదు, ఊపిన మోచెయ్యి అలమర అంచునున్న పూలగ్లాసుకి తగిలింది, అది వెనకాల భళ్లున పడింది, అతను బాల్కనీ దాకా మాట్లాడుతూనే వెళ్లాడు, తిరిగొచ్చేసరికి పినత్తగారు నేలమీద వంగి ఉంది, చేటతో, అయ్యో పిన్నీ, వెళ్లేముందు కూడానా అన్నాడు, వేలు లేచింది, ఆవిడ పెంకులకేసి చూస్తూ, ఏం చేస్తాంరా అబ్బాయ్ అంది.

ఆమె బకెట్ ఎత్తి నీళ్లన్నీ బాత్రూములో పారబోసింది, అదేంటి, ముంచలేదా అన్నాడు భర్త, ముంచలేదు, మరి రొయ్యని తిన్నదాన్ని వదిలేస్తావా, కొమ్ము మీద కూర్చుంది చూడండి, ముందు దాన్నడగండి, తర్వాత మీ మోచేతినడగండి, అని భూతద్దాన్ని అతని చేతిలో పెట్టి, గుమ్మం పక్కనున్న సంచీ తీసుకుని లోపలి గదికి నడిచింది, సంచీ ఇంత తేలికగా ఉందేమిటి అనుకుంది, వెనకనుంచి చీపురు చప్పుడు వినిపిస్తోంది, ఇన్నాళ్లూ వింటున్న చప్పుడే, ఏదైనా పగిలినచోట చివరిదాకా ఉండేది పగలగొట్టినవాళ్లు కాదు, ఎత్తేవాళ్లు.