అద్దం మీద జీడి మరక

నేను ఒక వేలిముద్రల మిషన్ని. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉంటాను. నెత్తిమీద వేలు పట్టేంత అద్దం, దాని కింద ఎర్ర దీపం, వెనక ఒక తోక. ఆ తోకను కంప్యూటరుకు తగిలిస్తే లేస్తాను, పీకేస్తే పడుకుంటాను. మొహం చూసి మనిషిని గుర్తుపట్టడం నాకు చేతకాదు. పేరు, ఊరు, గుణం ఏవీ నాకు అక్కర్లేదు. వేలు పెడితే దాని గీతలు చూసి పైకి పంపిస్తాను. పైన ఔనంటే ఔను, కాదంటే కాదు. నా బతుకులో నేను సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తర్వాత మీరు నన్నే తిట్టుకుంటారు.

ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో తెల్లకోట్లు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. పనిచేస్తున్నానో లేదో చూడ్డానికి వాళ్లలో ఒకమ్మాయి నామీద మొదటి వేలు పెట్టింది. ఆ వేలు ఎంత శుభ్రంగా ఉందంటే, లోకంలో వేళ్లన్నీ అలాగే ఉంటాయనుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇలాంటి భ్రమలు మామూలే.

నన్ను మొదట కొన్నది పలాస స్టేషను ముందు గొడుగు వేసుకుని సిమ్ కార్డులు అమ్మే మనిషి. అతని దగ్గర వేళ్లన్నీ తొందరలో ఉండేవి. ఒకచేత్తో టీగ్లాసు, ఒకచేతి వేలు నామీద. తర్వాత ఒక రేషన్ డీలరు చేతికి వెళ్లాను. వేలు పడితేనే బియ్యం. ముసలమ్మలు నామీద వేలు పెట్టేముందు ఓసారి జుట్టుకు రుద్దుకునేవారు. ఆ నూనె తడికి గీతలు తేలతాయని వాళ్లకు ఎవరు చెప్పారో గాని, మాట నిజం. కొందరు నాకు దణ్ణం కూడా పెట్టేవారు. నేను కిర్రుమంటే వరం ఇచ్చినట్టు మురిసిపోయేవారు.

చివరికి కాశీబుగ్గ బస్టాండు వెనక కూర్మారావు షాపుకి చేరాను. జెరాక్సులు, దరఖాస్తులు, పాన్ కార్డులు అతని వ్యాపారం. నలభై ఏళ్ల మనిషి, నోట్లో ఎప్పుడూ సోంపు. ఆ ఏడాది పాన్ నంబరునీ ఆధార్ నంబరునీ కలపాలన్నారు. గడువు దాటితే కలపని పాన్ చెల్లదన్నారు. షాపు ముందు తిరనాళ్లలా జనం. కలవాలంటే రెండు కార్డుల్లోనూ పుట్టినరోజు ఒకటే అయివుండాలి. కూర్మారావు దాన్ని జాతకాలు చూడ్డం అనేవాడు. నేను చూసినంతలో ఈ చుట్టుపక్కల సగంమంది జనవరి ఒకటినే పుట్టారు. ఆ రోజు మంత్రసానులకు ఊపిరి సలిపి ఉండదు.

జాతకాలు కలవనివాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, ఆధార్‌లో ఇచ్చిన ఫోనుకి వచ్చే నంబరు చెప్పడం. రెండోది నేను.

ఒక వేసవి ఉదయం దమయంతి వచ్చింది. యాభై దాటిన మనిషి. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. పిక్క పగిలినప్పుడు పెంకులోంచి ఒక నల్లని రసం చిమ్ముతుంది. అది తగిలితే చర్మం కాలి ఊడిపోతుంది. బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు. ఏం రాసుకున్నా చేతులు నల్లబడక మానవు.

"బాబూ, ఈ కారుడు సెల్లదంతన్నారు," అని పాన్ కార్డు బల్లమీద పెట్టింది. "ఇది సెల్లితేగాని నా పీఎఫ్ ఇవ్వరంట. మా ఆయనకి కిడ్నీలు పోనాయి. విశాక తీసుకెల్తే ఇంకొన్నేల్లు ఉంతాడని డాట్రుగారు సెప్పినారు."

కూర్మారావు రెండు కార్డులూ చూశాడు. "పిన్నీ, ఇందులో ఒక తేదీ ఉంది, అందులో ఒక తేదీ ఉంది. నువ్వు ఎప్పుడు పుట్టినావు?"

"నాకేటి తెలుసు బాబూ? ఆ రెండూ ఆలే రాసీసుకున్నారు."

ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదని అడిగితే తన అప్పదని చెప్పింది. ఇందుమతి, దమయంతి తోడబుట్టిన పెద్దది. పోయి పన్నెండేళ్లయింది. కూర్మారావు ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో హిందీలో కసిరాడు. ఇక మిగిలింది నేనే. నన్ను దమయంతి ముందుకు జరిపి, "భయంలేదు పిన్నీ, వేలు పెట్టు చాలు," అన్నాడు కూర్మారావు.

ఆమె కుడి బొటనవేలు పెట్టింది. నేను వెతికాను. రైతుల వేళ్లు చూశాను, తాపీపనివాళ్ల వేళ్లు చూశాను, అరిగినా ఎక్కడో ఒక గీత దొరికేది. ఇక్కడ ఏమీ లేదు. నున్నగా, కొత్త గచ్చులా ఉంది. చేతులు కడిగించాడు, జుట్టుకు రుద్దించాడు, పది వేళ్లూ పెట్టించాడు. పదిసార్లూ నేను ఒకే మాట తెరమీద రాశాను: వేలు సరిగా పెట్టండి. నాకు వచ్చిన తెలుగు అంతే. ఆమె చెయ్యి తీశాక కూర్మారావు గుడ్డతో నన్ను తుడిచాడు. ఆమె బొటనవేలి జీడి రసం అద్దం మూలన అంటుకుంది. అది పోలేదు.

కూర్మారావుకి ఒక ఉపాయం తోచింది. నెలా పదిరోజులు పిక్కల జోలికి వెళ్లకపోతే చర్మం కొత్తగా వస్తుంది, దాంతో గీతలూ వస్తాయి. చెప్పడం తేలికే. పని మానేస్తే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. సరేనంది.

ప్రతి సంత రోజూ వచ్చి నామీద వేలు పెట్టేది. మొదటివారం ఏమీ లేదు. రెండోవారం పొట్టు ఊడుతోంది. మూడోవారం చిటికెనవేలి అంచున ఒక గీత కనిపించింది. సగం గీతే, కాని ఉంది. నాకు సంతోషమేసింది. మిషన్‌కి సంతోషమేమిటని నవ్వుకోండి, నాకేం పోయింది.

ఒకసారి భర్తను కూడా తీసుకొచ్చింది. ధర్మారావు బెంచీమీద కూలబడి ఉబ్బిన కాళ్లు చాపుకున్నాడు. మనిషి నవ్వులాటవాడు. "అంట్లు నానే తోముతున్నాను బాబూ," అన్నాడు కూర్మారావుతో. "బట్టలూ నానే. దీన్ని నీల్లు ముట్టనీడం లేదు. ఇరవై తొమ్మిదేల్ల కిందట పెల్లికూతురప్పుడు కూడా ఇంత సోకు సెయ్యలేదు."

"నోరు ముయ్యి," అంది దమయంతి. చేతులు మాత్రం కొంగు కింద దాచుకుంది. కొబ్బరినూనె వాసన నాదాకా వచ్చింది.

నలభై ఒకటో రోజు వచ్చింది. బొటనవేలు పెట్టింది. గీతలు! సుడి తిరిగి, విడిపోయి, మళ్లీ కలిసి, అన్నీ ఉన్నాయి. ఆ షెడ్డులో తెల్లకోటు అమ్మాయి వేలు తర్వాత అంత చక్కని వేలు నేను చూడలేదు. ఆకుపచ్చ గుర్తు వేశాను. కూర్మారావు "పడింది!" అని బల్ల చరిచాడు. బయట వరసలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు. గీతల్ని పైకి పంపాను.

జవాబు వచ్చింది. ఈ వేలిముద్ర ఈ నంబరుది కాదు.

మళ్లీ పంపాడు. ఇంకో వేలు, ఇంకో వేలు. పదీ అయ్యాయి. కాదు, కాదు, కాదు. కూర్మారావు సోంపు నమలడం ఆపేశాడు.

"పిన్నీ, ఈ వేళ్లు నీవి కావంటోంది."

దమయంతి తన చేతులవంక చూసుకుంది. "గీతలు కావాలన్నారు, గీతలు తెచ్చినాను. ఇంకేటి కావాలి?"

"గీతలుంటే సాలదు పిన్నీ. అప్పుడు ఆధార్‌లో పెట్టిన గీతలూ ఇవీ ఒకటేనా అని చూస్తాది."

ఆమె బెంచీమీద కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. పన్నెండేళ్ల కిందట ఊరి బడిలో ఆధార్ తీస్తున్నప్పుడు కూడా ఆమె వేళ్లు నల్లగానే ఉన్నాయి. ఎంతకీ పడలేదు. వెనక వరసలో జనం గోల. ఫొటో తీసే మనిషి విసుక్కున్నాడు. కళ్లను చూసే మిషను ఆ పూట పాడైంది. ఇందుమతి చెల్లెలికి తోడుగా వచ్చి పక్కన నిలబడి ఉంది. ఇంటిపట్టున ఉండే మనిషి, వేళ్లు బాగున్నాయి. "ఎవరి ఏల్లయితే ఏటి బాబూ, మడిసి ఇదే గదా," అని తన చేతులు చాపింది. అతను చూడనట్టే అటు తిరిగి మీట నొక్కాడు. ఫోన్ నంబరు కూడా తనదే ఇచ్చింది. తన కార్డు వచ్చేనెల తీయించుకుందామనుకుంది. ఆ నెల రాకుండానే పాము కరిచి పోయింది.

"ఈ మిసను అలాగ పోల్చి సూస్తాదని నాకు తెల్దు బాబూ. ఏలుంటే సాలనుకున్నాను."

నాకు తెలుసు. నలభై ఒక్క రోజులూ తెలుసు, ఈ గీతల్ని దేనితోనో పోలుస్తారని. కాని ఎవరి గీతలతోనో నాకూ తెలియదు. పైన దమయంతి పేరు పక్కన ఉన్నవి ఒక చచ్చిపోయిన మనిషి వేళ్లు. వాటికి పుట్టినరోజుతో కలిపి అన్నీ ఉన్నాయి. ఈమెకు ఏమీ లేదు.

కూర్మారావు వేళ్లు మార్పించే దరఖాస్తు పెట్టాడు. మూడు నెలల్లో పిలుస్తారు, అప్పుడు మళ్లీ పది వేళ్లూ తీస్తారు అన్నాడు. మూడు నెలలు పని మానుకుని కూర్చోవడం ఆమెవల్ల కాలేదు. ఆ మర్నాడే పిక్కల దగ్గరికి వెళ్లింది. ధర్మారావు వినాయకచవితి ముందర పోయాడు. విశాఖ చూడలేదు. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు. జెరాక్సుకి వచ్చిన వాళ్ల ఊరివాళ్లు కూర్మారావుతో అంటుంటే విన్నాను.

దమయంతికి పిలుపు నాలుగో నెలలో వచ్చింది. వెళ్లింది. వేళ్లు పడలేదు. గీతలు వచ్చాక రమ్మన్నారట.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం మళ్లీ మా షాపుకి వచ్చింది. కాగితాలేవీ తేలేదు. బల్లముందు నిలబడి, "ఓసారి ఏలు ఎడతాను బాబూ," అంది.

"పడదు పిన్నీ. తెలిసే అడుగుతున్నావా?"

"పడదని నాకూ తెలుసు. ఆ లోన మా అప్ప ఏల్లున్నాయి గదా."

కూర్మారావు నన్ను ఆమె ముందుకు జరిపాడు. నల్లటి బొటనవేలు నామీద ఆనింది. తీయలేదు. నేను దీపం వెలిగించుకుని వెతికాను, ఎప్పటికన్నా ఎక్కువసేపు వెతికాను. ఏమైనా చెప్పాలనిపించింది. వచ్చిన మాట ఒక్కటే కాబట్టి అదే తెరమీద రాశాను.

"ఏటంతంది బాబూ?" అని అడిగింది.

కూర్మారావు తెర చూశాడు. "ఏమీ అనటం లేదు పిన్నీ," అన్నాడు.

ఆమె వేలు తీసి, కొంగుతో నా అద్దం తుడిచి వెళ్లిపోయింది.

ఆ ఏడాదే మా రకం మిషన్లు ఇక పనికిరావని పైనుంచి కబురొచ్చింది. కొత్తది వచ్చింది, దానికి నీలం దీపం. నా తోక చుట్టి, చచ్చిన ఛార్జర్లతోపాటు ఒక అట్టపెట్టెలో పడేశారు. పాత సామాన్లవాడు ఎప్పుడొస్తే అప్పుడు వెళ్తాను. నా అద్దం మూలన ఒక నల్లమరక ఉంది. స్పిరిట్‌తో రుద్దినా పోలేదు, కొంగుతో తుడిచినా పోలేదు. అందులో ఒక్క గీత లేదు. అయినా అది ఎవరి వేలో నేను చెప్పగలను. పై వాళ్లెవరూ నన్ను అడగరు.