మోజెస్ పెట్టిన సంతకం

ఏడాదిన్నర క్రితం తన చేతులతో మట్టి వేసి సాగనంపిన భర్త మొన్న మార్చి తొమ్మిదో తేదీన సంతకం పెట్టాడని జెమీమా కళ్ల ముందున్న కాగితం చెబుతోంది.

మోజెస్ ప్రత్తిపాటి. ప్లెయిన్స్‌బరోలో తమ అపార్ట్‌మెంట్ నంబరు. కిందికి జారే తోకతో సహా, అచ్చం అతను పెట్టే సంతకమే.

"భవితా!" అని పిలిచింది. బల్ల మీద వేలితో కొట్టింది.

అది కౌంటీ ఎన్నికల ఆఫీసు. షాపుల్లో తుపాకీ పెట్టుకునేవాళ్లు దాన్ని తాళం వేసిన పెట్టెలోనే ఉంచాలన్న చట్టానికి ఓటేసిందని, ఆ ప్రాంతపు అసెంబ్లీ సభ్యురాలిని గడువుకు ముందే పదవి నుంచి దించడానికి కొందరు రీకాల్ సంతకాలు సేకరించారు. కావలసిన వాటికంటే పదిహేడు ఎక్కువే వచ్చాయి. దొంగ సంతకాలుంటే అభ్యంతరం చెప్పే గడువు ఈ సాయంత్రం నాలుగింటితో సరి. సభ్యురాలి తరఫున నాలుగు రోజులుగా ఆ షీట్లను జల్లెడ పడుతున్నది ఇద్దరే. ఒకరు ఇక్కడే పుట్టి పెరిగిన కుర్ర లాయరు భవిత. రెండోది జెమీమా. మందుల కంపెనీలో లేబుళ్ల మీద తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. దానికి సెలవు పెట్టి వచ్చింది.

రాకుండా ఎలా ఉంటుంది? ఆ చట్టం కోసం రాష్ట్ర రాజధాని ట్రెంటన్ వెళ్లి శాసనసభ కమిటీ ముందు నిలబడింది తనే. "ఆ సొరుగుకి తాళం ఉంటే నా భర్త ఇంటికొచ్చేవాడు" అంది. సొరుగు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

భవిత వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓ మై గాడ్! ఇది అంకుల్ పేరు కదా, ఆంటీ?"

"మిగతా పేర్లు కూడా చూడమ్మా. అందరూ మా చర్చి వాళ్లే. వీళ్లు టెక్సాస్ మూవ్ అయిపోయారు. ఈ రాజేశ్వరమ్మ గారు ఆర్నెల్ల నుంచీ గుంటూర్లో కూతురి దగ్గరున్నారు."

"అంటే షీట్ మొత్తం ఫేక్. ఇరవై పోతే..." భవిత కళ్లు మెరిశాయి. "ఆంటీ, మనం గెలిచాం! రీకాల్ ఆగిపోతుంది! అఫిడవిట్ మీరే ఇవ్వాలి. ఎవరు చేశారో తెలిస్తే అది కూడా రాయాలి. తెలీకపోతే తెలీదని రాయండి. కానీ అది ప్రమాణం చేసి ఇచ్చే పేపర్. అబద్ధం రాయకూడదు."

షీటు కింద సేకరించినవాడి సంతకం ఉంది. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి, కట్ట చేతికిస్తే చూడకుండా సంతకం పెట్టే రకం. రాసింది వాడు కాదు. మరెవరు?

జెమీమా ఆ కాగితాన్ని లేబుల్ చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. రకరకాల పెన్నులు, రకరకాల చేతిరాతలు. పై అంచున, ఎడమ మూలన, ఆమె చూపు ఆగిపోయింది.

చిన్న సిలువ. చర్చిలో పెద్దవాళ్లు చాలామంది ఏది రాసినా ముందు సిలువ గుర్తు వేసే మొదలుపెడతారు. ఈ సిలువకి మాత్రం అడుగున చిన్న గుట్ట ఉంది. వంకర గీతతో గీసిన గుట్ట. ఇలాంటి సిలువ జెమీమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. పాటల చీటీల మీద, బాప్తిస్మం కాగితాల మీద. ఆఖరికి కూరగాయల చీటీ మీద కూడా.

"ఎవరో తెలుసా, ఆంటీ?"

"ఒక్క గంట టైమివ్వు."

"రెండున్నర అయింది! నాలుగు తర్వాత దేవుడొచ్చినా వీళ్లు తీసుకోరు!"

జెమీమా షీటుకి ఫోన్లో ఫొటో తీసుకుని అప్పటికే తలుపు దాటింది.

కారుని ఆ సిలువ గీసే మనిషి షాపు వైపు తిప్పింది. ఈ దేశంలో తనకంటూ మిగిలింది ఒక్క మనిషి. మోజెస్ పోయిన రోజు ఆసుపత్రిలో పక్కన నిలబడ్డవాడు. ట్రెంటన్‌కి తన కార్లో తీసుకెళ్లి, వెనక వరసలో కూర్చుని, తిరిగి తీసుకొచ్చినవాడు. అతను కాకపోతే బాగుండు. అతనే అయితే, అఫిడవిట్ మీద తన చేత్తోనే అతని పేరు రాయాలి.

షాపు తలుపు తోయగానే గంట మోగింది.

"వందనాలు చెల్లెమ్మా! ఏంటీ వేళప్పుడు? ఆఫీసుకి ఎగనామం పెట్టావా?" కౌంటర్ వెనక నుంచి ఆమోసు నవ్వాడు. చర్చి సంఘ కార్యదర్శి. మోజెస్‌కి ప్రాణ స్నేహితుడు. మోజెస్ పోయిన ఆ శనివారం ఆమోసు చర్చి పని మీద వెళ్తూ గంటసేపు షాపు చూడమంటే, సరిగ్గా అదే చోట నిలబడ్డాడు. దొంగ ఉత్త చేతులతో వచ్చాడు. సొరుగు లాగితే ఆమోసు తుపాకీ దొరికింది.

"వందనాలు అన్నయ్యా. ఆదివారానికి ఒక ప్రార్థన మనవి రాసుకుంటావా?"

"అయ్యో, తప్పకుండా. చెప్పు." ఆమోసు తెల్ల కాగితం తీశాడు. చెవి మీది పెన్ను అందుకున్నాడు. మూలన సిలువ గీశాడు. దాని కింద ఒక వంకర గీత. గుట్ట. "ఊఁ, ఎవరి కోసం?"

"మోజెస్ కోసం."

పెన్ను ఆగింది. "పోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం కదమ్మా."

"పోయినవాళ్లు సంతకాలు పెడతారా మరి?"

జెమీమా ఫోను అతని కాగితం పక్కన పెట్టింది. రెండు సిలువలు. రెండు గుట్టలు. పాల డబ్బా పట్టుకుని ఒకామె కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆమోసు మొహం చూసి, డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

"ఎవరో నా సిలువని కాపీ..." అన్నాడు ఆమోసు.

"అన్నయ్యా, నా మొహం చూసి చెప్పు. నాలుగింటిలోగా నేను ప్రమాణం చేసి రాయాలి. తెలీదని రాయనా?"

అతను సొరుగు వైపు చూశాడు. ఇప్పుడు దానికి ఇత్తడి తాళం వేలాడుతోంది.

"ఆ తాళం చూశావా చెల్లెమ్మా?" అన్నాడు. "అది ఇప్పుడు కొన్నది కాదు. మోజెస్ పోవడానికి నెల ముందే కొన్నా. కవరు కూడా చింపకుండా అదే సొరుగులో, తుపాకీ పక్కనే పడేశా. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూ. ఆ సంగతి పోలీసులకి చెప్పలేదు. మా ఆవిడ రూతుకి కూడా చెప్పలేదు. ట్రెంటన్‌లో నువ్వు ‘తాళం ఉంటే’ అన్నప్పుడు నీ వెనకే ఉన్నా. నా పేరు చెప్తావేమోనని వణికిపోయా. నువ్వు చెప్పలేదు. చెప్పేసినా బాగుండేదమ్మా. ఆ చట్టం కరెక్ట్ అయితే మోజెస్‌ని చంపింది నేను. అందుకే అది తప్పని ఊరంతా అనాలనిపించింది. దానికి ఓటేసిన ఆవిడ దిగిపోవాలనిపించింది. సభ్యత్వం రిజిస్టరు ముందేసుకుని, పెన్నులు మార్చి మార్చి రాశా. పంతొమ్మిది పేర్లు ఆవిణ్ని దించడానికి. మోజెస్ పేరు అందుకు కాదు. వాడు నన్ను తప్పు పట్టలేదని ఎక్కడో ఒకచోట, ఏదో ఒక కాగితం మీద ఉంటే చాలనిపించింది. వాడి సంతకం కుదిరేదాకా ఎన్నిసార్లు రాశానో నాకే తెలీదు. టైమెంతైంది? మూడా? అయితే ఆ అఫిడవిట్లో నా పేరు నువ్వు రాయొద్దు. ఈ కాగితం మీద సిలువ ఎలాగూ వేసేశాను. దాని కింద జరిగిందంతా నేనే రాసి, ఆ ఆఫీసులో ఇస్తా. ఒక్కటే, చెల్లెమ్మా... నాకు చేతులు ఆడట్లేదు. కార్ నువ్వు డ్రైవ్ చెయ్యి."