చెయ్యి ఆనిన చోటు

అక్క ఆ గిటారును పాత దుప్పటిలో చుట్టి, కట్టెలమోపు మోసినట్టు చంకన పెట్టుకుని వచ్చింది. పాలిష్ మేస్త్రీ అయిన తమ్ముడు అప్పుడు ఎవరిదో భోజనాల బల్ల కాళ్లకు గరుకు కాగితం పడుతున్నాడు. ఆమె దాన్ని పనిబల్ల మీద పెట్టి, దుప్పటి విప్పకుండానే తనకేం కావాలో చెప్పింది.

"నేను గుర్తుపట్టకూడదురా. ఇదెవరిదో కొత్తది అనుకోవాలి. అలా చేసిస్తే పిల్ల వాయించుకుంటుంది. కుదరదంటే మళ్లీ బీరువాలోకి పోతుంది."

బావ పోయి ఏడాది దాటింది. ఆర్కెస్ట్రాలో వాయించి సంసారం నెట్టుకొచ్చిన మనిషి. తను పుట్టకముందు తయారైన ఎలక్ట్రిక్ గిటారును చేతులు మారాక ఎక్కడో కొన్నాడు. పెళ్లికి ముందునుంచీ అదే. కూతురికి కూడా దాని మీదే నేర్పాడు. ఆయన పోయాక ఆ ఇంట్లో తీగ మోగలేదు. పిల్ల రోజూ కాలేజీ వదిలాక స్నేహితురాలి ఇంటికి వెళ్లి, అక్కడి గిటారు అడిగి వాయించుకుంటోంది. ఒకరోజు బీరువాలోంచి నాన్నది తీసి ఒళ్లో పెట్టుకుందట. తల్లి గుమ్మంలోంచి చూసి, ఉన్నచోటే కూలబడి, అది మళ్లీ లోపలికి వెళ్లేదాకా లేవలేకపోయిందట. ఆ తర్వాత పిల్ల దాని ఊసే ఎత్తలేదు.

"అడిగి ఉంటే కాదనేదాన్నేమో. అడగలేదు. అదే నాకు ఊపిరాడనివ్వడం లేదు" అంది అక్క.

ఆమె వెళ్లాక మేస్త్రీ దుప్పటి విప్పాడు. తేనెరంగు చెక్క, అంచుల దగ్గర నల్లగా చిక్కబడిన పూత. ఆ పూతంతా ఎండిన మడిలా సన్నగా నెర్రెలిచ్చింది. అతను కుర్చీలూ తలుపులూ తప్ప గిటారు ముట్టి ఎరగడు. బావ బతికి ఉండగా అతని పనిని వెక్కిరించని రోజు లేదు. "నువ్వు చచ్చిన చెట్లకు పౌడర్ రాసే బాపతు. నేను వాటిచేత పాట పాడిస్తా" అనేవాడు. అయితే వాటిని పాడించే ముందు మొహం కడిగేవాణ్ని నేనే కదా బావా అని ఇతనూ ఊరుకునేవాడు కాదు. ఆ మాటకు మాట ఇప్పుడు ఒంటిచేతి చప్పట్లయింది.

మర్నాడు మేనకోడలు వచ్చింది. ఆమెకు అతను చిన్నప్పటినుంచీ మెరుగుల మామయ్య. తీగలు ఒక్కసారిగా కోయకూడదని చెప్పి, ఒక్కొక్కటే వదులు చేసి తీసింది. లోపలి వైర్లు ఏది ఎక్కడ అతికి ఉందో ఫోన్లో ఫోటో తీసుకుని, వేడి కడ్డీతో టంకం కరిగించి విడదీసింది. మెడభాగం విప్పి గోడకు ఆనించారు. ఇక మొండెం మిగిలింది. దాని పై అంచున, వాయించేవాడి ముంజేయి ఆనే చోట, పూత ఏనాడో అరిగిపోయి చెక్క తేలింది. పిల్ల ఆ చోటు వైపు చూసింది, మామయ్య వైపు చూసింది. ఏ రంగు వేయమంటావని అడిగితే ముదురు ఆకుపచ్చ అని చెప్పి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది.

పూత తీసే మందు రాస్తే పాత రంగు మరిగిన పాల మీద మీగడలా ముడుచుకుని లేచింది. రేకుతో గీకి, గరుకు కాగితంతో రుద్దితే చెక్క తెల్లగా, అప్పుడే కోసినట్టు బయటపడింది. ఒక్క ఆ ముంజేతి చోటు తప్ప. అక్కడ పూత పోయాక ఏళ్లతరబడి చెమటా ఒంటి జిడ్డూ చెక్కలోకి దిగి, మోచేతినుంచి మణికట్టుదాకా ఏటవాలుగా ఒక గోధుమరంగు మచ్చ నిలిచింది.

అతను ముందు దాన్ని లెక్కచేయలేదు. రుద్దాడు. మచ్చ కొంచెం చిన్నదయింది గాని పలచబడలేదు. పైన రంగు పడితే అదే పోతుందిలే అని ఆకుపచ్చ కొట్టి చూశాడు. మిగతా చెక్కంతా బుద్ధిగా రంగు పట్టింది. మచ్చ మీద మాత్రం రంగు తామరాకు మీద నీళ్లలా దగ్గరకు ముడుచుకుని, గుంటలు గుంటలుగా విడిపోయింది. మొత్తం తుడిచి, స్పిరిట్‌తో కడిగి, మళ్లీ కొట్టాడు. మళ్లీ గుంటలే. ఆ రంగూ తుడిచేశాడు.

జిడ్డు తాగిన చెక్కను గీకి లాభం లేదని, స్పిరిట్‌లో కరిగించిన లక్కను పల్చగా పట్టించి జిడ్డును లోపలే మూసెయ్యాలని, ఆ పైన ఏ రంగైనా నిలుస్తుందని ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అతను ఎంతమందికో చెప్పాడు కూడా. కానీ అక్క చెప్పిన మాట అతని చెవిలో గూడు కట్టుకుంది. గుర్తుపట్టకూడదంటే పైపైన కప్పడం కాదు, ఆనవాలు లేకుండా తీసెయ్యడమని అతను పట్టుబట్టాడు. మూసిపెట్టి ఇస్తే అక్కను మోసం చేసినట్టు. తీసేస్తేనే పిల్లకు గిటారు దక్కుతుంది. అందుకని రుద్దుతూనే పోయాడు. కొన్నాళ్లకు ఆ అంచు వేలికి తెలిసేంత పల్లమైంది. మచ్చ అలాగే ఉంది. అతని చెయ్యి ముందుకు పోతుంటే మనసు వెనక్కి లాగుతోంది.

ఆ సాయంత్రం కాగితం పక్కన పడేసి, మచ్చ మీద అరచెయ్యి పెట్టి, పైకే అన్నాడు.

"బావా, ఇక చాలు. కాస్త జరుగు."

"ఎవరితోరా?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నాళ్లయినా కబురు లేదని చూసిపోదామని వచ్చింది. అతను తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె అతని భుజం పట్టుకుని పక్కకు జరిపింది.

రంగు లేదు, తీగల్లేవు, మెడ లేదు. ఉత్త చెక్క ముక్క. అయినా ఆమెకు ఎవరూ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. పెద్దగా ఏడవలేదు. మచ్చ దగ్గరగా వేలు పెట్టి, ముట్టకుండా ఆపుకుంది.

"ప్రోగ్రాం నుంచొచ్చి కుర్చీలో దీన్ని ఒళ్లో పెట్టుకునే నిద్రపోయేవాడు. నిద్రలో కూడా దీని మీంచి చెయ్యి తీసేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది" అంది.

మేస్త్రీ తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇది చెక్కలోకి దిగిపోయింది, తీయాలంటే చెక్కనే చెక్కెయ్యాలి, ఇప్పటికే అంచు పల్లమైంది, ఇంకా గీకితే ఆకారం చెడుతుంది. రెండో దారి లక్క పెట్టి మూసి రంగు వెయ్యడం. కానీ అది పోయినట్టు కాదు.

"గుర్తుపట్టకూడదన్నావు. నావల్ల కాలేదక్కా."

ఆమె చుట్టూ చూసింది. తను తెచ్చిన దుప్పటి స్టూలు మీద మడతపెట్టి ఉంది. వెళ్లి దాన్ని చేతిలోకి తీసుకుంది. అయిపోయింది, బీరువాలోకే అనుకుని అతను గోడ వైపు తిరిగి, చేతుల దుమ్ము అక్కర్లేనంత సేపు దులుపుకున్నాడు. పక్క షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. తిరిగి చూస్తే అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. దుప్పటి ఒళ్లో ఉంది.

"రంగేస్తే కనపడదు కదా?"

"కనపడదు."

"లోపలుంటుంది."

"ఉంటుంది."

"ఉండనీ. నా కళ్లకు కనపడకపోతే చాలు, చూస్తూ బతకడం నావల్ల కాదు" అని, దుప్పటి పక్కన పెట్టి అడిగింది. "పిల్ల చూసిందా ఇది?"

"తీగలు తీసిన రోజే చూసింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"అనదు. అదీ అనదు, నేనూ అనను. ఒకే ఇంట్లో ఇద్దరం దొంగల్లా తిరుగుతున్నాం."

అతను లక్క సీసా దించాడు. దూదిని మెత్తటి గుడ్డలో ముద్దగా చుట్టి, లక్కలో ముంచి, పిండాడు. బల్ల వైపు అడుగు వేయబోతే అక్క లేచి చెయ్యి చాపింది. ఇది నీకెందుకులే, వేళ్లు పాడవుతాయని అతను అనబోయి, ఆమె మొహం చూసి గుడ్డముద్దను ఇచ్చేశాడు.

"ఒకవైపే పోవాలి. మధ్యలో ఆగకు. ఆగితే గుడ్డ అంటుకుపోతుంది, ఆ గుర్తు పోదు."

ఆమె మోచేతి చోటునుంచి మొదలుపెట్టింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. తడి తగిలిన చోటల్లా మచ్చ ఒక్క క్షణం ముదిరి, నిగనిగలాడి, పొర కింద నిలకడగా ఉండిపోయింది. మణికట్టు చోటు దాకా వెళ్లి, గుడ్డను పైకెత్తి, ఇంకా రాయాలా అన్నట్టు తమ్ముడి వైపు చూసింది.

ఇది ఆరాక ఇంకొక పూత వెయ్యాలని, ఆ తర్వాతే రంగని అతను చెప్పాడు.

"ఆ పూత పిల్ల వేస్తుంది" అంది అక్క. "నువ్వు పిలవకు. నేనే పిలుస్తాను."

లక్కతో జిగురైన వేళ్లతోనే ఫోను తీసి, గుమ్మం దాకా నడిచి, బయటి వెలుతురు వైపు తిరిగి నిలబడింది. మామయ్య దగ్గరున్నానని, నాన్న గిటారుకు పూత వేస్తున్నానని, నీకు కూడా పనుందని చెప్పింది. అటునుంచి పిల్ల ఏమందో మేస్త్రీకి వినపడలేదు.

"లేదు, ఏడవడం లేదు. లక్క వాసన పడలేదు, అంతే" అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు రా."