దుమాన్ లెక్క

నా మోకాళ్ళు రెండూ నా మాట వినడం మానేసి పదేళ్ళయింది. కుక్కలు మాత్రం ఇంకా వింటాయి. అందుకే మా సివాస్ కొండల్లో ఎవరి కుక్క మొండికేసినా, తెచ్చి బెక్తాష్ గుమ్మం ముందు కట్టేసి పోతారు. బెక్తాష్ అంటే నేనే. నాకు మంద లేదు, పొలం లేదు, ఒక్క అక్షరం ముక్క రాదు. కుక్కల పిచ్చి ఒక్కటే ఉంది. అది కూడా ఈమధ్య అలిసిపోయింది.

అబద్ధమనిపిస్తే మధ్యలో నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఒక్కో కుక్కది ఒక్కో గోల. మా తాత కుక్కకి ఉరుమంటే భయం. తాత దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. వానలు పడినన్నాళ్ళూ దాంతోపాటు రొట్టెల పొయ్యిలో దూరి కూర్చున్నాడు, పొయ్యి చల్లారాకే లెండి. ఉరిమినప్పుడల్లా దాని నోట్లో ఒక జున్నుముక్క పెట్టేవాడు. ఆఖరికి అదెలా తయారైందంటే, నాలుగు రోజులు మబ్బు పట్టకపోతే ఆకాశం కేసి చూసి మొరిగేది, ఎప్పుడు ఉరుముతావని. ఇంకోటుండేది, ఎవరు చెయ్యెత్తినా కరిచేది. దానికి జున్ను పనిచెయ్యలేదు, చెయ్యి చాపితే కదా పెట్టడానికి. నలభై రోజులు చేతులు జేబుల్లోంచి తియ్యకుండా దాని ముందు తిరిగాను. టీ కూడా మా ఆవిడే తాగించింది, తిట్టుకుంటూ. నలభై ఒకటో రోజు అదే వచ్చి నా జేబులో మూతి పెట్టింది. ఇలా దేని వైద్యం దానిదే. మొదటిదానికి చేసింది రెండోదానికి చేసుంటే నాకిప్పుడు వేళ్ళుండేవి కావు.

ఇప్పుడు దుమాన్ సంగతి.

దుమాన్ జొహ్రె కుక్క. జొహ్రె అవతలి లోయలో ఉంటుంది, మొగుడు పోయి మూడేళ్ళు. ఎండాకాలం మొదట్లో వాళ్ళ ఊరంతా గొర్రెల్ని తోలుకుని యాయ్లాకి, అంటే పైనున్న మేతకొండకి ఎక్కేస్తారు, మళ్ళీ చలికే దిగడం. ఎక్కిన పదిహేను రోజులకి జొహ్రె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చెప్పుల నిండా మట్టి, మొహంలో నిద్ర లేదు. మజ్జిగ ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని చెప్పుకొచ్చింది. దుమాన్ మూడేళ్ళవాడు, మెడకి తోడేళ్ళ కోసం ఇనుప ముళ్ళపట్టా కూడా వేసేశారు. వాడు రోజూ మధ్యాహ్నం పాలు పితకడం అయ్యీ కాగానే లేచి మందని వదిలేసి కొండ దిగి పోతాడట. మళ్ళీ పొద్దున్నే వస్తాడట. వాడు లేని రాత్రుల్లోనే తోడేలు వచ్చి రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది.

యాయ్లాకి పెద్ద హైదర్ ఆగా, ఆగా అంటే దొర అన్నట్టు, వచ్చి గుడారం ముందు నిలబడి తేల్చేశాడట. ఏడు రోజుల్లో అన్ని మందలూ పై ఊట దగ్గరికి కదులుతాయి. ఆ రోజు మధ్యాహ్నానికి కూడా ఈ కుక్క మంద దగ్గర నిలవకపోతే తనే కాల్చేస్తానన్నాడు. కాపలా వదిలే కుక్కని చూస్తే మిగతావీ నేర్చుకుంటాయి, అది అక్కడి రివాజు. దాని మీద ఎవరూ మాట్లాడరు.

"తోడేలంటే భయం వాడికి, అంటున్నారు మామా," అంది జొహ్రె. "నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వాణ్ణి నా ఒళ్ళో పెట్టుకుని పెంచాను."

నేను కొండెక్కే వయసులో లేనని చెబుదామని నోరు తెరిచాను. మా ఆవిడ అప్పటికే నా చేతికర్ర తెచ్చి గుమ్మానికి ఆనించేసింది.

ఎక్కాను. ఎలా ఎక్కానో అడక్కండి.

దుమాన్‌ని చూడగానే ఒకటి తెలిసింది, వాడిది భయం కాదు. భయం కుక్కకి తోకలో కనిపిస్తుంది, వీడి తోక పైకే ఉంది. వీడిది అలుపు. కళ్ళకింద మడతలు, పాదాల కింద తోలు చిట్లి నెత్తురు. నావైపు చూసి, ఇంకొకడు వచ్చాడా అన్నట్టు ఊపిరి వదిలాడు. ఇద్దరం ముసలాళ్ళలాగే ఉన్నాం, వాడికి మూడేళ్ళు, నాకు అరవై ఎనిమిది.

మొదటి రోజు ఏమీ చెయ్యలేదు, పక్కన కూర్చున్నాను. రెండోరోజు బార్లీపిండి సంకటి వేడిగా చేసి, మా గొర్రెల లావుపాటి తోకలో ఉండే కొవ్వు కరిగించి పోసి, సరిగ్గా పాలు పితికే వేళకి పెట్టాను, తిండి ఆశకి ఆగుతాడేమోనని. మర్యాదగా రెండు నాకులు నాకి వెళ్ళిపోయాడు. మూడోరోజు పక్క మందలోంచి ఒక ఆడకుక్కని తోడు తెచ్చాం. దాని చెవి వాసన చూసి వెళ్ళిపోయాడు. నాలుగోరోజు నేను వద్దంటున్నా యాయ్లావాళ్ళు తాడేసి కట్టారు. మొరగలేదు, లాగలేదు, సంకటి ముట్టలేదు. కింది లోయ కేసి చూస్తూ కూర్చున్నాడు, ఒళ్ళంతా వణుకుతోంది. చూడలేక నేనే విప్పేశాను. హైదర్ ఆగా అటుగా పోతూ నవ్వాడు. కుక్కల వైద్యుడే కట్టు విప్పితే ఇంక తుపాకీదే పని అని, నలుగురూ వినేలా.

ఐదోరోజు నేను తెలివి తెచ్చుకుని, ఏమీ చెయ్యకుండా చూడటం మొదలెట్టాను. పాలు పితకడం అయింది. దుమాన్ లేచాడు. మంద చుట్టూ తిరిగాడు, ఊరికే కాదు, ప్రతి గొర్రెనీ మూతితో ఒకసారి తాకుతూ. చివరిదాకా వెళ్ళి ఆగాడు. మళ్ళీ మొదటినుంచి తిరిగాడు. అప్పుడు లోయ కేసి చూసి, దిగిపోయాడు.

నేను జొహ్రెని అడిగాను, ఊళ్ళోంచి బయల్దేరిన రోజు వీడు ఎలా ఉన్నాడని. వాళ్ళ ఊరి పొలిమేరలో రెండు రాళ్ళుంటాయి. కొండెక్కే రోజు మందని ఆ రెండు రాళ్ళ మధ్యనుంచి ఒక్కొక్కటిగా పంపి, గులకరాళ్ళతో లెక్క పెడతారు. ఆ రాళ్ళ దగ్గర దుమాన్ చతికిలబడి కదలనన్నాడట. పగ్గమేసి ఇద్దరు మగాళ్ళు ఈడ్చుకొచ్చారట. అందరూ నవ్వారట. ఎందుకు కూర్చున్నాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేనైనా అనుకునేవాణ్ణి కాదు.

ఆరోరోజు మధ్యాహ్నం వాడు దిగుతుంటే నేనూ వెనక దిగాను. జొహ్రెతో ఒక్కటే చెప్పాను, నేనొచ్చేదాకా ఆగాని ఎలాగోలా ఆపమని.

నాలుగు గంటల దారి. వాడు ఒక్కడే అయితే రెండు గంటల్లో దిగేసేవాడు. ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూసి, నేను కనిపించాకే కదిలాడు. ఒకచోట నేను కూలబడితే వెనక్కొచ్చి నా పక్కన పడుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. వీడు కాపలా చేతకానివాడా? దారినపోయే ముసలాణ్ణి కూడా వదల్లేకపోతున్నాడు.

ఊరంతా ఖాళీ. చిక్కుడుపాదులకి నీళ్ళు పెట్టడానికి దిగువన ఉండిపోయిన దోండి అనే ఆవిడ ఒక్కతే ఉంది, నా ఈడుదే. నన్ను చూసి చేతిలో చెంబు కింద పెట్టింది.

"ఏం బెక్తాషూ, కుక్క తిన్నగా నడుస్తోంది, నువ్వేంటి ఊగుతున్నావు?"

నేను గోడకి ఆనుకున్నాను. దుమాన్ తిన్నగా జొహ్రె గొర్రెల కొట్టం దగ్గరికి పోయి గడపకి అడ్డంగా పడుకున్నాడు. రోజూ ఇంతేనంది దోండి. సాయంత్రం వస్తాడు, రాత్రంతా ఆ గడప మీదే ఉంటాడు, తెల్లారకుండా పోతాడు. జొహ్రే పంపుతోందనుకుంది, పాపం ఎంత మంచి కుక్క అని రొట్టె కూడా పెడుతోంది.

లోపల ఏముందని అడిగాను.

ఏమీ లేదంది. గోరింట ఉందంది.

గోరింట ఒక ముసలి గొర్రె. ఏటా నెత్తిన గోరింటాకు పెట్టేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఈ చలికాలంలోనే వెనక కాలు కుంటిదైంది. కొండెక్కలేనివాటిని కింద వదిలేసి పోతారు, వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే, వాటికి దోండి గడ్డి వేస్తుంది. రాళ్ళ మధ్య లెక్కలోకి అవి రావు. నేను తలుపు తీస్తే దుమాన్ లేచి లోపలికి పోయి ఆ గొర్రె మెడ మీద తలపెట్టాడు. అది నెమరువేస్తూనే ఉంది.

అప్పుడు చెప్పింది దోండి, అదేదో అందరికీ తెలిసిన మాటలాగా. దుమాన్ పుట్టిన వారానికి తల్లి చచ్చిపోయింది. అదే వారం గోరింటకి చచ్చిన పిల్ల పుట్టింది. జొహ్రె ఆ కుక్కపిల్లని తెచ్చి గొర్రె పొదుగుకి పెట్టింది. నెలన్నర తాగాడు.

నేను ఆ గడప మీదే కూర్చుండిపోయాను. వాళ్ళంతా రాళ్ళ దగ్గర లెక్కపెట్టుకున్నారు, సరిపోయింది. వాడూ లెక్కపెట్టుకున్నాడు, ఒకటి తక్కువొచ్చింది. పదిహేను రోజుల పైగా, పగలు పైన మంద, రాత్రి కింద ఈ ముసలిది, మధ్యలో రాళ్ళదారి. కాపలా వదిలేసిందెక్కడ? ఒక్కడే రెండు కాపలాలు కాస్తున్నాడు. మేమేమో వాడికి సంకటి పెట్టి బుద్ధి నేర్పబోయాం.

ఊళ్ళో గాడిదలన్నీ గుడారాలు మోసుకుని పైకి పోయాయి. తెల్లవారుజామునే దోండి సాయం పట్టి గోరింటని నా వీపుకెత్తింది, దుప్పటితో కట్టింది. ముసలిదైనా దాని తోక ఒక్కటే నా తలకాయంత. మొదటి మలుపులో అది గొర్రె. రెండో మలుపులో అది పొట్టేలు. మూడో మలుపుకి మా మావగారు, పసుపురంగు తలపాగాతో సహా వచ్చి ఎక్కి కూర్చున్నట్టుంది. నాలుగో మలుపులో నేనే గొర్రెనేమో అనుకున్నాను. పది అడుగులు, కూర్చోడం, పది అడుగులు, కూర్చోడం. దుమాన్ ముందుకి పోడు. కూర్చున్నప్పుడల్లా దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి మూతితో తాకుతున్నాడు. అప్పటికి వాడి లెక్కలో నేను కూడా పడ్డానని అర్థమైంది. తప్పించుకునే దారి లేదింక.

ఎండ నెత్తికెక్కింది. పైన ఏం జరుగుతోందో నాకు తెలుసు. పొద్దున్నే రావలసిన కుక్క రాలేదు. మందలు కదిలే రోజు. మధ్యాహ్నం పాలు పితికేవేళ దాటుతోంది.

ఆఖరి మలుపు దాటేసరికి అందరూ అక్కడే ఉన్నారు. గుడారాలు మడిచేశారు. జొహ్రె పాలబిందె మీద చేతులేసి, ఆగాని ఆపుతూ దారికి అడ్డంగా నిలబడుంది. హైదర్ ఆగా చేతిలో తుపాకీ ఉంది. నన్ను చూసి, నా వీపు మీద ఉన్నదాన్ని చూసి, మీసం దువ్వుకున్నాడు.

"ఏం బెక్తాష్, కుక్కని తెమ్మంటే కూర తెచ్చావా?" అన్నాడు ఆఖరికి.

వంగి దుప్పటి ముడి విప్పాను. గోరింట లేచి, కుంటుకుంటూ మందలోకి పోయింది.

దుమాన్ మొదలెట్టాడు. ఒక్కొక్క గొర్రెనీ తాకుతూ మందంతా తిరిగాడు. ఎవరూ కదల్లేదు. చివర గోరింట దగ్గర ఆగాడు. దాని తలని తాకాడు. అంతే, మళ్ళీ మొదటికి పోలేదు. ఉన్నచోటే మూడు చుట్లు తిరిగి, దబ్బున పడి, గురక పెట్టాడు. తుపాకీకి నాలుగడుగుల దూరంలో.

"ఇది కాపలానా?" అన్నాడు ఆగా.

"నిద్ర బాకీ, ఆగా," అన్నాను. "కింద ఒకటి మిగిలిపోయిందని రోజూ పోయి కాసొచ్చాడు. ఇప్పుడు లెక్క సరిపోయింది. కావాలంటే నిలబడి చూడు."

ఆయన నిలబడ్డాడు. మొండిమనిషి. నీడలు పొడుగయ్యేదాకా నిలబడ్డాడు. వెళ్ళవలసిన మందలన్నీ ఆయన కోసం ఆగాయి. దుమాన్ కదల్లేదు. ఎవరిదో పరాయి కుక్క ఇటు తిరిగినప్పుడు మాత్రం ఒక కన్ను తెరిచాడు. ఆ ఒక్క కన్నుకే అది తోక ముడుచుకుపోయింది.

ఆఖరికి జొహ్రె మందని లేపింది. దుమాన్ లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. లోయ కేసి చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. గోరింట కుంటి నడకకి తగ్గట్టు తన నడక తగ్గించుకుని, మంద వెనకే పై ఊట దారి పట్టాడు.

హైదర్ ఆగా తుపాకీలోంచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు. తనవీ రెండు కుంటివి కింద ఉన్నాయని, రేపు గాడిదని పంపిస్తానని, ఎవరికో చెబుతున్నట్టు గాల్లోకి చెప్పాడు. నన్ను కూడా లెమ్మన్నాడు. మంద పోతోందన్నాడు.

నేను లేవలేదు. అక్కడే గడ్డి మీద వాలాను. చాలాసేపయ్యాక చెంపకి చల్లగా ఏదో తగిలితే కళ్ళు తెరిచాను. దుమాన్ మూతి. పోయినవాడు, ఒకటి తక్కువొచ్చిందని వెనక్కొచ్చాడు. వాడి వెనక ఆగా, భుజం మీద గొంగళి, చేతిలో గాడిద పగ్గం.

"ఎక్కు," అన్నాడు ఆగా. "నువ్వొస్తే గానీ వీడు కదిలేలా లేడు."